నన్ను ఎదురు ప్రశ్న అడిగిన కంప్యూటర్

మొన్న ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. సిద్దిపేటలో ఒకప్పుడు ఇంటర్ లెక్కలు చెప్పిన సారుకు సన్మానం చేస్తున్నారట, దానికొక సంచిక వేస్తున్నారట, ఆయన దగ్గర కూర్చున్నవాళ్లలో పుస్తకాలు రాసేది నేనొక్కదాన్నేనట. "నాలుగు మంచి మాటలు రాయండి మేడం" అన్నారు. చాయ్ ఇచ్చి పంపించాను. ఆయన గురించి నా దగ్గర నాలుగు మంచి మాటలు లేవు. ఒకటి ఉంది. అది ఆయన నా మీద గెలిచిన చోట వస్తుంది, దాచను. సంచికకు పనికిరానిది కనుక ఇక్కడ రాసుకుంటున్నాను. పేరు మాత్రం రాయను, రాస్తే అదీ ఒక సన్మానమే అవుతుంది.

ఆ రోజుల్లో మేముండేది రెండు అర్రల కిరాయి ఇల్లు. బాపు సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయి పండుగకో పబ్బానికో వచ్చేవాడు. ఇల్లు నడిపింది, నేను అవ్వా అని పిలిచే మా అమ్మ చుట్టే బీడీలు. పొద్దున్నే తునికాకు నీళ్లలో నానబెట్టేది, రేకు కొలత పెట్టి కత్తిరించేది, పొద్దెక్కేసరికి చాట ఒళ్లో పెట్టుకొని గోడకు ఒరిగేది. మాట్లాడుతున్నా, తిడుతున్నా, నిద్రకు తూలుతున్నా ఆమె వేళ్లు ఆగేవి కావు. చుట్టిన ప్రతి బీడీని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి పక్కన పెట్టేది. తంబాకు వాసన అన్నంలో ఉండేది, దుప్పట్లో ఉండేది, నా లెక్కల పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం తెరిస్తే ముందు తుమ్ము వచ్చేది, తర్వాత ఏడుపు వచ్చేది. ఇంటర్ లెక్కల్లో అప్పటికి రెండుసార్లు ఫెయిలయ్యాను. మిగతావన్నీ పాసే.

"ఇగ మూడోసారే ఆఖరు," అన్నది అవ్వ. "గీసారి గూడ ఫెయిలైతే పుస్తకాలు కట్టగట్టి కచరల ఏస్త. ఇంకో చాట దెస్త. నా పక్కన కూసో."

బెదిరింపు కాదు. అవ్వ బెదిరించే మనిషి కాదు, చెప్పి చేసే మనిషి. పాసైతే డిగ్రీ, పోతే చాట. నాకు ఇరవై ఏళ్లు, నా ముందున్నవి ఆ రెండే.

పగలంతా ఖాదర్ భాయ్ డి.టి.పి. సెంటర్‌లో టైపింగ్ చేసేదాన్ని. పెండ్లి కార్డులు, దుకాణాల కరపత్రాలు, చావు ఫోటోల కింద వేసే పద్యాలు. సాయంత్రం గ్రంథాలయం. నేను చదువుకున్నది అక్కడే, ఈ మాట ఎక్కడైనా గట్టిగానే చెప్తాను. కాలేజీ నాకు హాజరు వేసింది, గ్రంథాలయం నాకు చదువు చెప్పింది. పత్రికలన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివేదాన్ని, అర్థం కాని ఇంగ్లీషు మాటలు టైపింగ్ తప్పుల కాగితాల వెనక రాసుకొని నిఘంటువు బల్ల దగ్గర నిలబడి వెతికేదాన్ని. ఆ నిఘంటువు గొలుసుతో బల్లకు కట్టేసి ఉండేది. కూర్చొని చూద్దామంటే గొలుసు అందేది కాదు. నా ఇంగ్లీషంతా నిలబడి నేర్చుకున్న ఇంగ్లీషు.

ఆ గ్రంథాలయానికి ఒక కంప్యూటర్ పత్రిక వచ్చేది. దానితో పాటు ప్రతి నెలా ఒక సీడీ. లైబ్రేరియన్ నర్సింలు సార్ ఆ సీడీలను పత్రిక నుంచి విడదీసి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. గీతలు పడతాయని భయం. ఎవరికీ ఇవ్వడు, తానూ వాడడు, గ్రంథాలయంలో కంప్యూటరే లేదు.

"సార్, ఆ సీడీ ఒకటి ఇయ్యున్రి."

"ఇచ్చుడు లేదు. రూల్ లేదు."

"ఇయ్యొద్దని రూల్ ఉన్నదా?"

"నువ్వు నన్నే అడుగుతున్నవా?"

మూడు వారాలు రోజూ అడిగాను. చివరికి విసిగి, రిజిస్టర్‌లో కాకుండా ఒక చీటీ మీద సంతకం పెట్టించుకొని ఇచ్చాడు. "గీత పడ్డదనుకో, నీ పేరు నోటీసు బోర్డు మీద ఏస్త" అన్నాడు. వేసేవాడే.

సీడీలో లినక్స్ ఉంది, విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపేది. ఖాదర్ భాయ్ దుకాణంలో వైరస్ పట్టి మూలకు నెట్టేసిన ఒక పాత కంప్యూటర్ ఉంది. మన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడవదు కనుక అది దుకాణానికి ఎట్లాగూ పనికిరాదు. "బేటీ, అది మర్గయా. నువ్వు ఇంకోసారి చంపినా ఏం కాదు" అన్నాడు భాయ్. పత్రికలో బొమ్మలతో సహా ఇచ్చిన పద్ధతి ప్రకారం వరుసగా చేసుకుంటూ పోయాను. రెండుసార్లు సగంలో ఆగిపోయింది. మూడోసారి ఎక్కింది. ఏమేం వచ్చాయో చూస్తుంటే జాబితాలో మాక్సిమా అని ఒక పేరు, పక్కనే అది బీజగణితం చేస్తుందని ఒక ముక్క. అంకెలే కాదు, అక్షరాలతో కూడా లెక్క చేస్తుందట. ఉచితమట, లోపలి రాతంతా ఎవరైనా చదవొచ్చట, మార్చుకోవచ్చట. తాళం వేసిన బీరువాకు ఇది పూర్తిగా ఎదురు. నాకు ఆ క్షణమే నచ్చింది.

తెరిస్తే తెల్ల గీత ఒకటి మిణుకుమంటూ ఉంది, అంతే. రెండు ప్లస్ రెండు అని కొట్టాను. ఏమీ రాలేదు. పాత మిషిన్ కదా, ఆలోచిస్తుందేమో అనుకొని, పోయి ఒక పెండ్లి కార్డు టైప్ చేసి వచ్చాను. ఇంకా ఏమీ రాలేదు. జిరాక్స్ పనులన్నీ అయిపోయినా రాలేదు. ఒక పూటంతా రెండూ రెండూ కలపడానికి ఆ యంత్రం ముక్కుతున్నదనే నమ్మాను. వాక్యం చివర సెమికోలన్ పెడితే గాని నా మాట పూర్తయినట్టు దానికి తెలియదని సీడీలోనే ఉన్న ఇంగ్లీషు పుస్తకం చదివాక తెలిసింది. పెట్టాను. నాలుగు అన్నది. ఆ నాలుగును చూసి నవ్వినట్టు నేను ఏ మార్కులను చూసీ నవ్వలేదు.

తర్వాత సమాకలనాలకు వచ్చాను. ఎక్స్ పవర్ ఎన్‌ను సమాకలనం చేయమన్నాను. అది జవాబివ్వలేదు. ఎన్ విలువ మైనస్ ఒకటా, కాదా అని నన్నే అడిగింది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరో నిలబడి అడిగినట్టు. రెండేళ్ల కాలేజీలో, రెండు ఫెయిళ్లలో, లెక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా లెక్క అంటే సారు బోర్డు మీద రాసింది మేము నోటుబుక్కులో రాసుకోవడం.

ఇక లెక్కల సారు. ఆయన కోచింగ్ సెంటర్ పాత బస్టాండుకు అవతల ఒక మేడ మీద. మెట్లు ఎక్కుతుంటేనే ఆయన గొంతు వినబడేది. ఆ యేడు ఆయన సొంతంగా ఒక గైడ్ వేయాలనుకున్నాడు, చేతిరాత కట్ట పట్టుకొని ఖాదర్ భాయ్ దగ్గరికి వచ్చాడు. నేను లెక్కల్లో ఫెయిలైన సంగతి భాయే చెప్పాడు. "గైడ్ టైప్ చేసిపెట్టు, నా బ్యాచ్‌ల కూసో, పాస్ చేయించే పూచీ నాది" అన్నాడు సారు. చేరేటప్పుడు రిజిస్టర్‌లో అంటించడానికి నా పాస్‌పోర్ట్ ఫోటోలు రెండు తీసుకున్నారు. అవ్వ ఆ రోజు నాకు ఒక కోడిగుడ్డు ఎక్కువ వేసింది.

మూడు నెలలు కూర్చున్నాను. ఆయన పాఠం చెప్పడు, వడ్డిస్తాడు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. ఎందుకని ఎవరైనా అడిగితే "ఎందుకో నీకెందుకు, వస్తదా రాదా చూసుకో" అనేవాడు. ఆడపిల్లల బెంచీ చివరన, తలుపు పక్కన. నేను లేచి అడగబోతే "బీడీల స్వరూప, నువ్వు టైపింగ్ సంగతి చూడు" అనేవాడు. అరవై మంది నవ్వేవాళ్లు. ఆ పేరు ఆయనే పెట్టాడు. మా అవ్వ చేసే పని నాకు సిగ్గు కాదు. కానీ ఆ నోట అది తిట్టు.

గైడ్ టైప్ చేస్తూ ప్రతి జవాబునూ పక్క మిషిన్‌లో మాక్సిమాకు ఇచ్చి చూడటం అలవాటైంది. అన్నీ సరిపోయేవి. ఒక రోజు రెండు సరిపోలేదు. మొదటిది: సైన్ ఎక్స్‌ను కాస్ ఎక్స్‌తో గుణించి సమాకలనం చేయాలి. సారు జవాబు సైన్ స్క్వేర్ బై రెండు. మాక్సిమా జవాబు మైనస్ కాస్ స్క్వేర్ బై రెండు. రెండోది: ఒకటి బై ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఏ. పాఠ్యపుస్తకంలో ఆ చివరిది 'ఏ' స్క్వేర్. కాపీ కొట్టినట్టు ఉండొద్దని సారు ఆ స్క్వేర్ తీసేశాడు, జవాబు మాత్రం పుస్తకంలోదే, టాన్ ఇన్వర్స్, ఒక రూట్ తగిలించి పెట్టాడు. మాక్సిమాకు ఇస్తే, 'ఏ' ధనాత్మకమా ఋణాత్మకమా అని అడిగింది. ధనాత్మకమంటే సారు జవాబే ఇచ్చింది. ఋణాత్మకమంటే అసలు టాన్ ఇన్వర్సే లేదు, లాగరిథమ్ వచ్చింది. స్క్వేర్ ఉన్నప్పుడు ఆ అనుమానం రాదు, 'ఏ' సున్నా కానప్పుడు దాని స్క్వేర్ ఎప్పుడూ ధనాత్మకమే. స్క్వేర్ తీసేసిన మనిషికి ఆ అనుమానం రావాలి.

ఒక తెల్లకాగితం మీద రెండూ అందంగా రాశాను. నాకు ఎక్కువ గట్టిగా తోచిన సైన్, కాస్ లెక్కను పైన పెట్టాను. రెండు జవాబుల్లో ఒక పోలికైనా లేదు కదా, అంతకంటే తప్పు ఏముంటుందనుకున్నాను. బ్యాచ్ మొదలయ్యే ముందు ఇద్దామని పోతే సారు అప్పటికే బోర్డు దగ్గర ఉన్నాడు. అక్కడే ఇచ్చాను. అది నా మొదటి తెలివితక్కువతనం.

"ఏంది గిది?"

"గైడ్‌ల రెండు తప్పులున్నయ్ సార్."

సారు కళ్లద్దాలు సర్దుకొని పై లెక్క చదివాడు. చదువుతుంటేనే మొఖం వెలిగింది. ఆ వెలుగును నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ఎవరు చెప్పిన్రు తప్పని?"

"కంప్యూటర్ల చేసి చూసిన సార్. లినక్స్‌ల."

"ఇనున్రి, ఇనున్రి! బీడీల స్వరూపకు కంప్యూటర్ చెప్పిందట. ఫెయిలైన పిల్ల, ఫుకట్ సాఫ్ట్‌వేర్. మంచిగ కుదిరింది జత!" బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఒకటి. అక్కడి నుంచి రెండు గీతల్లో నా జవాబుకూ ఆయన జవాబుకూ మధ్య తేడా సరిగ్గా అర అని తేల్చాడు. "గీ అర ఏంది? స్థిరాంకం. చివరికి ప్లస్ సి రాస్తం గదా, గండ్ల కలిసిపోతది. సి ఏది స్వరూపా? నీ కంప్యూటర్ మింగిందా?"

నిజమే. మాక్సిమా చివర సి రాయదు. ఎవరికి వారు వేసుకోవాలి. ఆయన చెప్పింది ప్రతి అక్షరం ఒప్పు. ఇదే నేను మొదట చెప్పిన ఆ ఒక్క మంచి మాట: ఆ రెండు గీతలు ఆయన చాలా చక్కగా రాశాడు, నేను వాటిని నవ్వుల మధ్య నిలబడి నేర్చుకున్నాను.

"తప్పయింది సార్," అన్నాను. "కింద రెండోది గూడ చూడున్రి."

"ఇగ రెండోది గూడనా!" కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాడు. "రేపటి నుంచి రాకు. గైడ్ మిగిలింది ఖాదర్ చేస్తడు తియ్యి. నడువ్."

"సార్, రెండోది..."

"నడువ్ అంటున్న!"

మెట్లు దిగుతుంటే లోపల పాఠం మొదలైంది. ప్రశ్న, జవాబు.

ఇంటికి పోయి చెప్పాను. అవ్వ చాట మీది నుంచి తలెత్తలేదు. "తప్పు చెప్పినవా లేదా?"

"ఒకటి తప్పు, ఒకటి ఒప్పు."

"నా కట్టల ఒక్క బీడీ వదులుంటే బీడీల సేట్ కట్టకు కట్ట చింపి పారేస్తడు. మిగిలినయ్ మంచిగున్నయని ఏడిస్తే ఇంటడా?" ఇంకో బీడీ చుట్టి నొక్కి చూసి, "పోయి సారు కాళ్లు మొక్కు. లోపట కూసో. పరీక్ష నీది, రోషం నీది, గని చాట రెండోది ఏడ ఉంటదో నాకు ఎరుకే" అన్నది.

మొక్కలేదు. రోషం అనుకోండి, పొగరు అనుకోండి. పరీక్ష దాకా మిగిలిన మూడు నెలలు గ్రంథాలయం తెరిచేముందు గుమ్మం దగ్గర నేనే ఉండేదాన్ని. ఎవరూ తీయని అరలో అట్టలూడిన పాత కలనగణిత పుస్తకం ఒకటి దొరికింది. అందులో అసలు సంగతి ఉంది: రెండు జవాబులు వేరుగా కనబడితే ఒకదాన్ని తప్పనకు, తేడా తీసి చూడు, తేడా మారని సంఖ్యైతే రెండూ ఒకటే. ఏ జవాబునైనా వెనక్కి అవకలనం చెయ్యి, ప్రశ్న తిరిగి వస్తే ఒప్పు. గ్రంథాలయంలో చదివింది మధ్యాహ్నం దుకాణంలో సరిచూసుకునేదాన్ని. ఖాదర్ భాయ్ నమాజుకు పోయి, తిని వచ్చే ఆ వ్యవధిలో చేతితో చేసి, మాక్సిమాకు ఇచ్చి, వెనక్కి తిప్పి చూసేదాన్ని. మాక్సిమాను నమ్మడం మానేశాను, దానితో మాట్లాడటం నేర్చుకున్నాను. అది అడిగే ప్రశ్నలే నాకు అలవాటయ్యాయి. ఏ లెక్క చూసినా ముందు నేనే అడిగేదాన్ని: ఇది ధనమా, ఋణమా, సున్నా అయితే ఏమవుతుంది? సారు పేరు తలుచుకొని పెన్సిలు ముక్కలు ఎన్ని విరిచానో చెప్పను.

పాసయ్యాను. ఊరికే పాస్ కాదు, ఆయన బ్యాచ్‌లో చాలామందికి రాని మార్కులు. అవ్వ మార్కుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది నిజందేనా?" అని బొటనవేలితో నొక్కి చూసింది. చాట తేలేదు.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చెప్తే జాలిగా చూస్తారు. లినక్స్ ఎక్కించడానికి ఇప్పుడు పూట పట్టదు. మాక్సిమా కావాలంటే ఒక్క వరుస కొట్టి, ఒక చాయ్ తాగి వస్తే సిద్ధంగా ఉంటుంది. అంతకంటే పెద్దవి వచ్చాయి, అవీ ఉచితమే, చిక్కుకుంటే సాయం చేసేవాళ్లు లోకమంతా ఉన్నారు. సీడీ కోసం ఎవరినీ బతిమాలక్కర లేదు. అందుకు నాకు సంతోషమే. కానీ మా గల్లీ పిల్లలు ఫోన్‌తో లెక్కను ఫోటో తీస్తారు, జవాబు వస్తుంది, రాసుకుంటారు. ఆ లెక్కలోని 'ఏ' ధనమా ఋణమా అని ఫోన్ అడగదు, వీళ్లూ అడగరు. ప్రశ్న, జవాబు. సారు మేడ మీది నుంచి దిగి అందరి జేబుల్లోకీ పోయాడు, అంతే తేడా. ఇంత సులువు అందిన తరానికి ఇంత తక్కువ అనుమానం ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది. దాచుకోను.

ఆ ఫలితాలప్పటి ఒక ఫ్లెక్సీ సంగతి మిగిలింది. ఫలితాలు వచ్చిన నాలుగో రోజు ఖాదర్ భాయ్ నా ముందు ఒక కవరు పెట్టాడు. సారు కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. పైన సారు పెద్ద ఫోటో, కింద "మా విజేతలు" అని గడులు, గడికో ఫోటో, ఫోటో కింద పేరు, హాల్ టికెట్ నెంబరు. మన దగ్గర అన్ని సెంటర్లదీ అదే పద్ధతి. ఒక్క రోజు గడప తొక్కినవాడు పాసైతే వాళ్ల ఖాతాలోకే. కవరులోంచి ఫోటోలు బల్ల మీద పరిచాను. ఏడోది నేను. వెనక రిజిస్టర్ జిగురు, పీకినప్పుడు చిరిగిన కాగితం.

గడులన్నీ నింపాను. ఏడో గడిలో నెంబరు వేశాను, పేరూ ఫోటో వేయలేదు. తెల్లగా వదిలేశాను. భాయ్ చూసి తల పట్టుకున్నాడు.

"బేటీ, గిరాకీ పోతది. ఒక్క ఫోటోనే కదా."

"నాది భాయ్. నేను ఇయ్యను."

సాయంత్రం సారు వచ్చాడు. స్క్రీన్ మీద చూశాడు. "ఏడో గడి ఖాళీ ఎందుకుంది?"

"నేను మీ దగ్గర పాస్ కాలేదు సార్."

"మూడు నెలలు కూసున్నవ్ గదనే! ఆనాడు నీ తప్పు నేనే దిద్దితి గదా!"

"దిద్దిన్రు. మీరు చెప్పిందే ఒప్పు, ఆ మాట ఎవరి ముంగటైనా అంట. మరి రెండోది మీరు చూసిన్రా?"

"ఏది రెండోది?"

నటించడం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ఇన్ని నెలలు నేను ఆ మనిషితో మనసులో వాదిస్తూ పోయాను, ఆయన ఆ కాగితం కింది సగం చదవనే లేదు. గైడ్ అచ్చయి దుకాణాల్లో ఉంది, స్క్వేర్ లేని ఆ 'ఏ'తో సహా. నేను కుర్చీలోంచి లేచాను. సారు భాయ్ వైపు తిరిగాడు.

"ఖాదర్, ఈ పోరితోని నాకేంది? గడి ఖాళీ ఉంటే బాగుండది. నా చిన్న ఫోటో ఒకటుంది గదా, గదే ఏసెయ్."

"ఆప్ కా ఫోటో, సాబ్? పిల్లల నడుమ?"

"ఏస్తే ఏమైతది? సెంటర్ నాది, ఫ్లెక్సీ నాది. తొందరగ కానియ్."

భాయ్ నా వైపు చూశాడు. నేను మళ్లీ కూర్చొని, ఆయన చిన్న ఫోటో తెచ్చి, ఏడో గడిలో సరిగ్గా మధ్యకు పెట్టాను. కింద నా హాల్ టికెట్ నెంబరు అట్లాగే ఉంది. దాన్ని తీయమని ఎవరూ చెప్పలేదు. నేను తీయలేదు. ఆ వేసవంతా పాత బస్టాండు ముందర, లెక్కల్లో పాసైన పిల్లల వరుసలో, సారు నా నెంబరు మీద నవ్వుతూ వేలాడాడు.